రెండు పోయినా పరవాలేదు

సౌభాగ్య నగర్ గేటు దగ్గర వాచ్‌మన్ ఒక్కడే ఉన్న రోజుల్లో అతను మేలుకుని ఉండేవాడు. సంఘం వారు ముగ్గుర్ని పెట్టాక ముగ్గురూ పట్టపగలే కునుకు తీయడం మొదలుపెట్టారు. నేను కన్ను మూసినా ఇంకా ఇద్దరున్నారు గదా అని ఎవరికి వారు అనుకున్నారు. ఇందులో వాళ్ల తప్పు వెతకడం న్యాయం కాదు. ఆ లెక్క వాళ్లు కనిపెట్టింది కాదు. కాలనీ సంఘం కార్యదర్శి పీసపాటి విశ్వపతి గారు స్వయంగా పలక మీద రాయించి గేటుకు వేలాడదీసిన సూత్రం అది: "రెండు పోయినా పరవాలేదు."

కాకినాడలో ఒక మామూలు కాలనీకి ఇంత పెద్ద సూత్రం ఎలా వచ్చిందంటే, విశ్వపతి గారి అమ్మాయి పెళ్లి వీడియో అంతా ఒకే ఒక్క హార్డ్ డిస్కులో ఉండేది. ఒకరోజు అది టకటకమని చప్పుడు చేసి ఊరుకుంది. తలంబ్రాలు, అప్పగింతలు, పెళ్లికొడుకు అలక, అన్నీ అందులోనే పోయాయి. ఇంకొకరైతే నాలుగు రోజులు బాధపడి మరిచిపోయేవారు. విశ్వపతి గారు అలాంటి మనిషి కాదు. ఒక ప్రభుత్వ శాఖలో ముప్ఫై మూడేళ్లు పనిచేసి, ఏనాడూ తన బల్ల మీద ఒక్క ఫైలు కూడా మరునాటికి మిగల్చకుండా రిటైరైన మనిషి. తన ఇంట జరిగిన నష్టం ఇంకే ఇంటా జరగకూడదనుకున్నారు. ఆ అనుకోవడం మంచిదే. కష్టమల్లా, ఆయన ఏది అనుకున్నా దానికి నియమావళి రాసేవారు.

ముందు వాచ్‌మన్లు ముగ్గురయ్యారు. తర్వాత నీళ్ల మోటార్లు మూడయ్యాయి. నోటీసు బోర్డులు మూడయ్యాయి. ఒక్కోదాని మీద సమావేశం తేదీ ఒక్కోలా ఉండేది. చివరికి సంఘమే మూడయింది. విశ్వపతి గారు కార్యదర్శి. ఆయన లేకపోతే చూసుకోవడానికి రెండో అంతస్తు బంగార్రాజు గారు ప్రత్యామ్నాయ కార్యదర్శి. ఆయనా లేకపోతే చూసుకోవడానికి, బియ్యం మిల్లులో గుమాస్తాగా చేసి విశ్రాంతి తీసుకుంటున్న తాతబ్బాయి గారు ప్రత్యామ్నాయానికి ప్రత్యామ్నాయం. ఏ కాగితానికైనా మూడు సంతకాలు కావాలి. ఒకరు చేసిన పనినే ముగ్గురూ చేస్తే పని మూడింతలు భద్రంగా ఉంటుందని నియమావళి ముందుమాటలో రాశారు. ఆ పని జరుగుతుందా లేదా అన్నది ముందుమాటలో లేదు.

ఇది జరిగిన ఆరు నెలలకు గృహ స్మృతి భద్రతా నియమావళి వచ్చింది. దాని ప్రకారం కాలనీలో ప్రతి కుటుంబమూ తన ఫొటోలు, వీడియోలు, పాటలు ఉంచుకునే సాధనాన్ని ఆరో స్థాయికి మార్చుకోవాలి. మార్చుకుని, సంఘం చేత పరీక్ష చేయించుకుని, ధృవపత్రం పొందాలి. ధృవపత్రం లేని ఇంటికి జనరేటర్ కరెంటు ఉండదు.

ఆరో స్థాయి అంటే ఏమిటో సమావేశానికి వచ్చిన వాళ్లలో చాలామందికి తెలియదు. తెలియదని చెప్పడానికి ఎవరూ లేవలేదు. కనకాద్రి ఒక్కడే లేచాడు.

కనకాద్రి టెలిఫోన్ శాఖలో కేబుళ్లు అతికే పని చేసి రిటైరయ్యాడు. చదువు ఎస్సెస్సెల్సీతో ఆగింది గాని, తీగ ఎక్కడ తెగిందో చెవి పెట్టి చెప్పగలడు. పొద్దున్నే స్నానం, విభూతి, పూజ, ఆ తర్వాతే కాఫీ. ఎవరేం చెప్పినా విని, ఇంటికొచ్చి, ఇది ఎందుకలా అని నెమ్మదిగా ఆలోచించుకునే రకం. ఆ రోజు మాత్రం ఇంటికి వెళ్లేదాకా ఆగలేకపోయాడు.

"చిన్న అనుమానమండి. ప్రతిదానికీ మూడుండాలంటున్నారు. దేవుడు ఒక్కడే గదండీ. ఆయనకి ప్రత్యామ్నాయం ఎవరండీ?"

విశ్వపతి గారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు.

"త్రిమూర్తులు," అన్నారు.

హాలంతా చప్పట్లు కొట్టింది. కనకాద్రి కూడా కొట్టాడు. జవాబు బాగుందనే అనుకున్నాడు. ఎక్కడో ఏదో అతకలేదనిపించింది గాని, అతకని చోటు అప్పటికి దొరకలేదు.

నిజానికి కనకాద్రి ఇంట్లో అలాంటి సాధనం, డిస్కులు అమర్చిన ఒక చిన్న పెట్టె, అప్పటికే ఉంది. దేవుడి గదిలో, పటాల కింద చెక్క అరలో ఉండేది. అందులో పెళ్లి వీడియోలు లేవు, ఊళ్లు తిరిగిన ఫొటోలు లేవు. అతని తల్లి అచ్చమాంబ పాడిన నలభై మూడు పాటలున్నాయి. మేలుకొలుపులు, తులసి పాటలు, హారతులు, ఒకటో రెండో జోలపాటలు. పుస్తకాల్లో ఉన్నవి కావు. ఆవిడ అమ్మ దగ్గర ఆవిడ నేర్చుకున్నవి. ఎనభై ఆరో ఏట ఆవిడ చరణాలు తడబడుతుంటే కనకాద్రికి భయం పట్టుకుంది. రోజుకొకటి చొప్పున ఫోనులో పట్టాడు. ఆ పక్కనే కూర్చుని వత్తులు చేస్తూ పనిమనిషి నూకాలు కూడా గొంతు కలిపేది. ఆ వెనక గొంతు తీసెయ్యడం కుదురుతుందా అని కనకాద్రి భార్య మాణిక్యం మెయిన్ రోడ్డులో కంప్యూటర్లు బాగుచేసే లోవరాజుని అడిగింది కూడా. కుదరదమ్మా, రెండూ కలిసిపోయాయి అన్నాడు లోవరాజు.

తర్వాత ఆ ఫోను నీళ్ల తొట్టిలో పడింది. అదృష్టం బాగుండి అంతకు వారం ముందే పాటలు పెట్టెలోకి ఎక్కాయి. ఆ తర్వాత అచ్చమాంబ వెళ్లిపోయింది. అప్పటినుంచీ రోజూ పొద్దున్న ఆరింటికి ఆ పెట్టె పాడితేనే ఆ ఇంట్లో దీపం వెలిగేది. అరవై ఏళ్లపాటు ఒక గొంతుకు అలవాటు పడ్డ దేవుణ్ణి ఇంకో గొంతుతో లేపడం కనకాద్రికి మర్యాదగా తోచలేదు.

సంఘం కాగితం పట్టుకుని కనకాద్రి లోవరాజు కొట్టుకు వెళ్లాడు. లోవరాజు చదివి నవ్వాడు. తర్వాత అతనికి అర్థమయ్యేలా చెప్పాడు. ఇప్పుడు పెట్టెలో నాలుగు డిస్కులున్నాయి. అది అయిదో స్థాయి. నలుగురు కూర్చుని ఒక పారాయణ పంచుకున్నట్టు. ఒకరు లేచిపోయినా మిగతా ముగ్గురూ తమ తమ భాగాల్ని బట్టి అతని భాగం చెప్పేస్తారు. అయిదో డిస్కు వేసి ఆరో స్థాయికి మారిస్తే ఇద్దరు లేచిపోయినా మిగతా ముగ్గురూ చెప్పేస్తారు.

"ముగ్గురు లేచిపోతే?" అన్నాడు కనకాద్రి.

"ఇంక లేదండి. ఆయ్, పారాయణే లేదు."

ఇంకో మాట కూడా చెప్పాడు లోవరాజు. ఎన్ని డిస్కులు వేసినా పెట్టె ఒకటే గదా, పాటలన్నీ ఓ చిన్న పెన్‌డ్రైవ్ కడ్డీలోకి ఎక్కించి ఇస్తాను, సామర్లకోటలో మీ చెల్లెలుగారింట్లో బియ్యం డబ్బాలో పడెయ్యండి అన్నాడు. కనకాద్రికి ఆ మాట నచ్చింది. కాని నియమావళిలో తొమ్మిదో నిబంధన ఉంది. కాలనీ ప్రహరీ దాటి బయటికి పోయిన నకలు లెక్కకు అందదు గనుక, అట్టి నకలు ఉన్న ఇంటికి ధృవపత్రం ఇవ్వబడదు. జనరేటర్ లేకపోతే కోత వేళ పెట్టెకు కరెంటు ఆగుతుంది, కరెంటు ఆగితే దేవుడు లేవడు. అంచేత వద్దులే అన్నాడు కనకాద్రి. ఒక మనిషి తనకు తోచిన మంచి పనిని పక్కనపెట్టి, పక్కవాడు రాసిన మంచి మాటను ఎందుకు పాటిస్తాడో ఆ తర్వాత అతను చాలా రోజులు ఆలోచించాడు.

అయిదో డిస్కుకు పసుపు రాసి, కుంకుమ పెట్టి, దేవుడి ముందు ఒక పూట ఉంచి, మంచి ఘడియ చూసి పెట్టెలో దూర్చాడు. మార్పిడికి అరవై ఒక్క గంటలు పడుతుందని తెర మీద వచ్చింది. ఈలోగా దేన్నీ ముట్టుకోవద్దన్నాడు లోవరాజు.

ఆ మూడు రోజులూ ఆ ఇల్లు పురుడొచ్చిన ఇల్లులా ఉంది. కరెంటు అదిరిపోతుందేమోనని మాణిక్యం మిక్సీ ఆపేసి పచ్చడి రోట్లో నూరింది. కనకాద్రి తెర ముందు పీట వేసుకుని సుందరకాండ మొదలుపెట్టాడు. హనుమంతుడు సముద్రం దాటేసరికి నాలుగు శాతమైంది. లంకలో ఇల్లిల్లూ వెతికేసరికి ముప్ఫై. మాణిక్యం భోజనానికి పిలిచి పిలిచి విసిగిపోయి, నా కాన్పప్పుడు ఇంత సేపు కూర్చున్నారా అంది. నూకాలు పెట్టె చుట్టూ చీపురు ఆనించకుండా ఊడుస్తూ, లోపల ఏవవుతుంది బాబుగారూ అని అడిగింది. మామ్మగారి పాటల్ని ఇంకా గట్టిగా దాస్తున్నామన్నాడు కనకాద్రి. ఎవరెత్తుకుపోతారండీ అని ఆశ్చర్యపోయి, తన పాటికి తను కూనిరాగం తీసుకుంటూ వెళ్లిపోయింది.

మూడో రోజు సాయంత్రం నూరు శాతమైంది. కనకాద్రి కొబ్బరికాయ కొట్టాడు.

మర్నాడు పొద్దున్న పదింటికి, కాలనీలో తొలి పరీక్షకు, సంఘం వచ్చింది. సంఘం అంటే ముగ్గురూ వచ్చారు. మూడు రిజిస్టర్లు, మూడు కవర్లు, లక్క, కొవ్వొత్తి, సీలు తెచ్చారు. మాణిక్యం కాఫీ ఇచ్చింది. తాతబ్బాయి గారు తాగారు. మిగతా ఇద్దరూ పరీక్ష పూర్తయ్యేదాకా తాగకూడదన్నారు.

పాట పెట్టండి అన్నారు విశ్వపతి గారు. సాధనం పనిచేస్తుండగానే పరీక్షించాలని నిబంధన. కనకాద్రి మేలుకొలుపు పెట్టాడు. అచ్చమాంబ గొంతు ముందు కాస్త దగ్గి, తర్వాత సన్నగా లేచింది.

మేలుకో మేలుకో మేడలోనీ సామి
పాలు పొంగే వేళ పవళింపు చాలు

విశ్వపతి గారు పెట్టె దగ్గర కూర్చుని, చేతులు తుడుచుకుని, మొదటి డిస్కును బయటికి లాగారు. ఎర్ర దీపం వెలిగింది. పాట ఆగలేదు. ఆయన దాన్ని కవర్లో పెట్టి లక్క సీలు వేసి, రిజిస్టర్లో రాసుకుని, సంతకం చేశారు.

కనకాద్రికి ఒళ్లు పులకరించింది. పక్కవాడు లేచిపోయినా పారాయణ సాగుతూనే ఉంది. లోవరాజు చెప్పినట్టే ఉంది. అంతలో బంగార్రాజు గారు వచ్చి అదే చోట కూర్చుని రెండో డిస్కు లాగారు. కనకాద్రి, అయ్యా మొదటిది లోపల పెట్టేసి అప్పుడు తియ్యండి అన్నాడు. సీలు వేసిన డిస్కును మూడు సంతకాలూ పూర్తయ్యేదాకా తెరవకూడదన్నారు బంగార్రాజు గారు. రెండో ఎర్ర దీపం వెలిగింది. పాట ఆగలేదు. గుమ్మం దగ్గర నుంచుని చూస్తున్న మాణిక్యం కళ్లు తుడుచుకుంది.

రెండు కవర్ల మీద లక్క ఆరుతోంది. తాతబ్బాయి గారు లేచారు.

అప్పుడు కనకాద్రి లెక్క చూసుకున్నాడు. సమావేశంలో అతకని చోటు ఇప్పుడు దొరికింది. పెట్టె రెండు పోయినా తట్టుకునేలా తయారైంది. సంఘం ఇద్దరు పోయినా పని ఆగకుండా తయారైంది. ఇద్దరు పోయినా ఆగకూడదంటే ముగ్గురుండాలి. ఇవాళ ఎవరూ పోలేదు. ముగ్గురూ వచ్చారు.

అతను వెళ్లి పెట్టెకూ తాతబ్బాయి గారికీ మధ్య నుంచున్నాడు.

"అయ్యా, ఇది రెండింటికే తట్టుకుంటుందండి. మూడోది తీస్తే మా అమ్మ పోతుందండి."

విశ్వపతి గారు ఓపికగా విన్నారు. ఆయన కఠినుడు కాదు. "మీ సాధనం రెండు వైఫల్యాలను తట్టుకున్నదని రుజువైంది కనకాద్రి గారూ, సంతోషం. కాని రుజువైందని ఇప్పటికి ఇద్దరే అన్నారు. ముగ్గురు అనాలి. ఒకరి పరీక్ష మరొకరి పరీక్షపై ఆధారపడరాదు. నిబంధన పద్నాలుగు."

తాతబ్బాయి గారు మెత్తని మనిషి. తను తీసినట్టే రాసేస్తానని మెల్లిగా అన్నారు. విశ్వపతి గారి మొహం ఎర్రబడింది. ముప్ఫై మూడేళ్ల సర్వీసులో తను ఒక్క దొంగ రిపోర్టు కూడా చూడలేదనీ, ఈ వయసులో చూడబోననీ అన్నారు. ఆ మాటకు కనకాద్రే తలదించుకున్నాడు. తన కోసం ఇంకొక పెద్దమనిషి చేత అబద్ధం రాయించడమా అని అతనికీ అనిపించింది. ఆ సిగ్గుపడ్డ ఒక్క క్షణంలో అతను కాస్త పక్కకు జరిగాడు. తాతబ్బాయి గారు కళ్లు మూసుకుని మూడో డిస్కు లాగారు.

తూరుపున సూరీడు

అంతే. పాట తెగిపోయింది.

అప్పుడు వంటింటి వెనక వరండాలోంచి, గిన్నెల చప్పుడు మధ్య, గొంతు వినిపించింది.

తొంగి చూసీనాడు
తలుపు తీసీ మాకు దరిశనమ్మియ్యి

విశ్వపతి గారు చెవి రిక్కించి విన్నారు. మొహం విప్పారింది. మూడవ వైఫల్యం అనంతరం సైతం సాధనం నిరాటంకంగా పనిచేసినదని పైకి చదువుతూ రాశారు. ఒక్క క్షణం ఆలోచించి, నాణ్యతలో స్వల్ప మార్పు గమనించబడినది అని కింద చేర్చారు. మిగతా ఇద్దరూ సంతకాలు చేశారు. నియమావళి కోరిన దానికన్నా ఎక్కువ తట్టుకున్న ఇల్లు కాలనీలో ఇదొక్కటే అని ఆయన కనకాద్రి భుజం తట్టారు.

కనకాద్రికి ఆ చెయ్యి తెలియలేదు. ఫోను పట్టుకుని ముందు వరండాలోకి పరుగెత్తాడు. లోవరాజు ఎత్తాడు. అంతా విని, కంగారు పడొద్దన్నాడు. తీసిన డిస్కులు తీసిన చోట్లే పెట్టెయ్యమన్నాడు, అరగంటలో తనొచ్చి లేపుతానన్నాడు.

"ఒక్కటే జాగ్రత్తండి. తెర మీద అది ఏదో అడుగుద్ది. ఏవడిగినా సరే, ఔననకండి."

కనకాద్రి లోపలికి పరుగెత్తాడు. అప్పటికి ముగ్గురూ సీళ్లు విప్పి, డిస్కులు యథాస్థానాల్లో పెట్టేశారు. పెట్టిన తర్వాత తెర మీద ప్రశ్న వచ్చింది. మూడు కొత్త డిస్కులు కనిపిస్తున్నాయి, తుడిచి మొదటినుంచి సిద్ధం చేయమంటారా? జవాబు లేని ప్రశ్నను బల్ల మీద వదిలి లేవడం విశ్వపతి గారికి జన్మలో అలవాటు లేదు. ఔను నొక్కారు. పెట్టె చేసినవాడు కూడా జాగ్రత్తపరుడే. నిజంగానేనా అని రెండోసారి అడిగింది. బంగార్రాజు గారు ఔను నొక్కారు. ఇందులో ఉన్నదంతా శాశ్వతంగా పోతుంది, నిశ్చయమేనా అని మూడోసారి అడిగింది. మూడు సంతకాలు అడిగే యంత్రాన్ని చూసి విశ్వపతి గారు ముచ్చటపడ్డారు. తాతబ్బాయి గారు అద్దాలు తెచ్చుకోలేదు. మిగతా ఇద్దరూ నొక్కిందే నొక్కారు.

వాళ్లు కాఫీ తాగి వెళ్లిపోయాక లోవరాజు వచ్చాడు. పెట్టె ముందు చాలా సేపు కూర్చున్నాడు. లేచేటప్పుడు, దీన్ని కాపాడ్డానికి ఎన్ని ఉన్నాయో అన్నీ సరిగ్గానే పనిచేశాయండి అన్నాడు.

ధృవపత్రం సాయంత్రానికి వచ్చింది, మూడు ప్రతుల్లో. కనకాద్రి సంఘానికి ఉత్తరం రాశాడు. తమరి పరీక్షలో మా అమ్మగారి పాటలు పూర్తిగా పోయాయని, ఎవరినీ తప్పు పట్టడం లేదని, ఇంకో ఇంట్లో ఇలా జరగకుండా పద్నాలుగో నిబంధన ఒకసారి చూడమని ప్రార్థన. జవాబు ఆ రాత్రే వచ్చింది. సాధనం మూడు వైఫల్యాలను తట్టుకున్నట్లు ముగ్గురు అధికారులు ధృవీకరించి ఉన్నందున, అందులోని వస్తువు పోయే అవకాశం లేదని తెలియజేయడమైనది.

ఆ మర్నాడు పొద్దున్న ఆరు దాటింది, ఏడు దాటింది. కనకాద్రి దేవుడి ముందు కూర్చునే ఉన్నాడు. దీపం వెలిగించలేదు. లేవని దేవుడికి దీపం ఎలా చూపిస్తారు? మాణిక్యం నాలుగు సార్లు వచ్చి చూసి వెళ్లింది. నూకాలు పనిలోకి వచ్చి, ఇవాళ పాటెయ్యలేదేటండి అంది. మాణిక్యం సంగతి చెప్పింది.

"ఓస్, దానికేవుందండి," అని నూకాలు చీపురు గోడకు ఆనించి, కొంగు నడుముకు దోపి, గుమ్మం బయటే నుంచుని మేలుకొలుపు మొదటినుంచి చివరిదాకా పాడింది. నిన్న తెగిన చోటు దాటి, తర్వాతి రెండు చరణాలూ కూడా.

కనకాద్రి వెనక్కి తిరిగి చూశాడు.

"నీకెన్ని వచ్చే?" అంది మాణిక్యం.

"లెక్కెట్టలేదమ్మగారూ. ఆఖర్లో మామ్మగారికి చరణాలు అందేవి కాదు గదండీ. నేనందించేదాన్ని. నా గొంతు తీసెయ్యమన్నారంట గదా మీరు, లోవరాజు చెప్పాడు."

మాణిక్యం వెళ్లి పీట తెచ్చి, గుమ్మం లోపల వేసి, కూర్చోవే అంది. పదకొండేళ్లలో నూకాలు ఆ గదిలో కూర్చోవడం అదే మొదలు.

కనకాద్రి కాగితం తీసుకుని నూకాలు చేత ఒక్కొక్కటే పాడించి రాసుకున్నాడు. వారం పట్టింది. నలభై మూడింటిలో నలభై ఒకటి వచ్చాయి. మిగతా రెండూ నూకాలు పనిలో చేరకముందే అచ్చమాంబ రోజూ పాడడం మానేసినవి. అవి ఫోనులో పట్టిన రోజుల్లో ఆమె తన ఊరు వెళ్లి ఉంది. ఆ రెంటిలో ఒకటి, చిన్నప్పుడు కనకాద్రిని ఉయ్యాల్లో వేసి పాడిన జోల.

రాయడం ముగిసిన సాయంత్రం గేటు పక్కనుంచి నడిచి వస్తూ కనకాద్రి పలక మీద రాసింది చదివాడు. రెండు పోయినా అన్నంత వరకు చదివి ఆగాడు. తర్వాతి మాట అతని నోట రాలేదు.

ధృవపత్రం ఒక ఏడాదికే చెల్లుతుంది. ఏడాది గడిచింది. పునరుద్ధరణ ఫారం వచ్చింది. స్మృతిని భద్రపరచు సాధనము, దాని ప్రధాన భాగము, అదనపు భాగములు అని గళ్లున్నాయి. కనకాద్రి అబద్ధం రాయలేడు. ప్రధాన భాగము: నూకాలు. అదనపు భాగములు: ఒకటి, మాణిక్యాంబ. రెండు, స్వయంగా నేను. అలా రాసి పంపాడు. ఈ ఏడాదంతా భార్యాభర్తలిద్దరూ రోజూ పొద్దున్న నూకాలు ముందు కూర్చుని నేర్చుకున్నది నిజమే. కనకాద్రి శ్రుతి తప్పినప్పుడల్లా నూకాలు మొహం చిట్లించేది. ఆఫీసులో ఆయనగార్ని ఎలా భరించారమ్మా అని మాణిక్యాన్ని అడిగేది.

విశ్వపతి గారు ఫారం చూసి నియమావళి అంతా తిరగేశారు. స్మృతిని భద్రపరచు ఏ సాధనమైనను అని తనే రాశారు. సాధనం ఇనుముతోనే ఉండాలని ఎక్కడా రాయలేదు. నిబంధన అడ్డు చెప్పనప్పుడు ఆయనా అడ్డు చెప్పరు. పరీక్షకు రోజు నిర్ణయించారు.

ముగ్గురూ వచ్చారు. నూకాలు, మాణిక్యం, కనకాద్రి వాళ్లకు ఎదురుగా కూర్చుని పాడుతున్నారు. మొదటి పరీక్షగా విశ్వపతి గారు చెయ్యెత్తి నూకాలును ఆపమన్నారు. నూకాలు ఆపింది, ఆపి నోరు బిగబట్టుకుని ఆయన్ని తేరిపార చూసింది. మాణిక్యం, కనకాద్రి పాడుతూనే ఉన్నారు. ఆయన రాసుకున్నారు. బంగార్రాజు గారు చెయ్యెత్తి మాణిక్యాన్ని ఆపారు. కనకాద్రి ఒక్కడూ మిగిలాడు. శ్రుతి ఎప్పుడో పోయింది. గొంతు బొంగురుపోయింది. అయినా ఒక్క మాట తప్పలేదు.

మూడో పరీక్ష తాతబ్బాయి గారిది. ఆయన లేచి, కనకాద్రి ముందుకు వచ్చి నుంచుని, చెయ్యెత్తారు.

తూరుపున సూరీడు

కనకాద్రి ఆయన చేతి వంకే చూస్తూ పాడుతున్నాడు. ఆపమంటే ఆపేవాడే. నియమం నియమమే.

ఎత్తిన చెయ్యి కాసేపు గాలిలో అలాగే ఉంది. తర్వాత తాతబ్బాయి గారు నెమ్మదిగా కింద కూర్చున్నారు. ఆ చెయ్యి ఆయన తొడ మీదికి దిగి, తాళం వేయడం మొదలుపెట్టింది.

విశ్వపతి గారు కలం పట్టుకుని చూస్తున్నారు. రెండుసార్లు దగ్గారు. మూడో పరీక్ష ఎప్పుడని అడిగారు. తాతబ్బాయి గారు తాళం ఆపకుండానే, చూద్దామండి, అన్నారు.

చాలా సేపు ఆలోచించి విశ్వపతి గారు రిజిస్టర్లో ఆ గడి ఎదుట ఒక మాట రాశారు. ముప్ఫై మూడేళ్ల సర్వీసులోనూ, ఆ తర్వాతా ఆయన చేత్తో ఎన్నడూ రాయని మాట అది. పెండింగు.

ఆ ఫైలు ఇప్పటికీ కదల్లేదు. దాన్ని గురించి అడుగుదామని తాతబ్బాయి గారు రోజూ పొద్దున్న ఆరింటికి కనకాద్రి ఇంటికి వస్తారు. వచ్చి గుమ్మం దగ్గర కూర్చుంటారు. అడగడం మాత్రం మరిచిపోతారు.